ముక్కుతో పొడిచి పోయే చేప: గార్‌ఫిష్‌ ఫ్లైల ఎంపిక వెనక లెక్క

క్లుప్తంగా: యూరప్ తీరాలకు వసంతంలో చేరే గార్‌ఫిష్‌ను ఎర దగ్గరికి రప్పించడం తేలిక, కొక్కేనికి తగిలించడం కష్టం. పొడవాటి ఎముక మూతిలో కొక్కెం దిగేంత మెత్తని చోటు చాలా తక్కువ కావడమే దీనికి కారణం. అందువల్ల ఫ్లై (కొక్కెం మీద ఈకలు, వెంట్రుకలు కట్టి చేసే కృత్రిమ ఎర) రంగు, రూపం కంటే కొక్కెం ఎక్కడుంది, ఎంత సన్నగా ఉంది, చేప తాకిన తర్వాత లైన్‌ను (గాలపు తాడును) ఎలా లాగారు అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. డెన్మార్క్, స్వీడన్ దేశాల మధ్య ఉన్న ఓరెసుండ్ జలసంధిని ప్రధాన ఉదాహరణగా తీసుకుని సాగే విశ్లేషణ ఇది.

ఒకే పేరు, మూడు రకాల చేపలు

గార్‌ఫిష్‌కు ఏ ఫ్లై వాడాలి అన్న ప్రశ్నకు దొరికే సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు. రొట్టె ముక్కను పోలిన తెల్లటి చిన్న ఫ్లై చాలని ఒకరంటారు. గులాబీ రంగు రొయ్య లాంటిది కావాలని మరొకరంటారు. అసలు కొక్కెమే అక్కర్లేదు, పీచులుగా విడదీసిన నైలాన్ తాడు ముక్క చాలని ఇంకొకరంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే, కాకపోతే మూడు వేర్వేరు చేపల గురించి చెబుతున్నారు.

పాత ఇంగ్లీషులో ‘గార్’ అంటే ఈటె. ఆ పేరు మొదట దక్కింది యూరప్ తీరాల్లో తిరిగే సన్నని సముద్రపు చేపకు. దాని శాస్త్రీయ నామం బెలోనే బెలోనే, గ్రీకులో ఆ మాటకు సూది అని అర్థం. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1761లో దీన్ని మంచినీటి పైక్ చేపల సరసన చేర్చి ఎసాక్స్ బెలోనే అన్నాడు. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ వర్గీకరణను సరిదిద్దినా జనం నోట పాత పోలిక నిలిచిపోయింది. స్వీడన్‌లో దీన్ని ‘ముక్కు పైక్’ అని, జర్మనీలో ‘కొమ్ము పైక్’ అని, డెన్మార్క్‌లో ‘కొమ్ము చేప’ అని అర్థం వచ్చే పేర్లతోనే ఇప్పటికీ పిలుస్తారు.

యూరప్ నుంచి ఉత్తర అమెరికాకు వలస వెళ్లినవారు అక్కడి నదుల్లో పొడవాటి మూతి చేపను చూసి దానికీ అదే పేరు పెట్టారు. నిజానికి అది గవ్వలాంటి గట్టి పొలుసులతో, అవసరమైతే గాలి కూడా పీల్చుకోగల ప్రాచీన జాతి. యూరప్ గార్‌ఫిష్‌తో దానికి దగ్గరి చుట్టరికం ఏమీ లేదు. ఆస్ట్రేలియాలో గార్‌ఫిష్ అంటే మరో చేప. దానికి కింది దవడ ఒక్కటే ముందుకు పొడుచుకు వస్తుంది, పైదవడ పొట్టిగా ఉంటుంది. దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని రకం పగలు సముద్రపు గడ్డిని, రాత్రిళ్లు చిన్న రొయ్యల్లాంటి జీవులను తింటుంది. తెల్లటి చిట్టి ఫ్లై సలహా ఈ చేపకు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రొట్టె పొడిని నీళ్లలో చల్లి చేపలను పోగుచేసి పడతారు. రెండు దవడలూ పొడవుగా, పళ్లతో నిండి ఉండే యూరప్ చేపకు ఆ సలహా పనికిరాదు.

బంగాళాఖాతంలో వలలకు పడే సూదిమూతి చేపలు ఈ యూరప్ గార్‌ఫిష్ కుటుంబానివే. గోదావరి, కృష్ణ నదుల్లోనూ చెరువుల్లోనూ కనిపించే మంచినీటి సూది చేప కూడా ఆ కుటుంబంలోదే. కాబట్టి తెలుగు తీరంలో పెరిగి ఇప్పుడు కోపెన్‌హేగెన్‌లోనో మాల్మోలోనో ఉద్యోగం చేస్తున్నవారికి మే నెలలో అక్కడి ఒడ్డున కనిపించే ఈ చేప మరీ కొత్తగా అనిపించదు. ఈ వ్యాసంలో ఇకపై గార్‌ఫిష్ అంటే ఆ యూరప్ చేపే.

మూతిలోనే ఉంది చిక్కంతా

పెరిగిన గార్‌ఫిష్ సాధారణంగా 45 నుంచి 70 సెంటీమీటర్ల పొడవుంటుంది. వీపు నీలం కలిసిన ఆకుపచ్చ, పక్కలు వెండి. ఆ పొడవులో మూతి వాటా తక్కువేమీ కాదు. పిల్ల దశలో ముందు కింది దవడే పెరుగుతుంది, పైదవడ తర్వాత దాన్ని అందుకుంటుంది. కొంతకాలం పాటు గార్‌ఫిష్ పిల్ల చూడడానికి ఆస్ట్రేలియా చేపలాగే ఉంటుందన్నమాట. ఎదిగాక కూడా కింది దవడ కొన పైదవడను కాస్త దాటే ఉంటుంది.

ఈ రెండు దవడలూ గట్టి ఎముకలు. వాటి అంచుల వెంట సూది మొనల్లాంటి పళ్లు వరసగా ఉంటాయి. పై చర్మం పలుచన, కండ దాదాపు శూన్యం. కొక్కెం దిగాలంటే మెత్తని కణజాలం కావాలి. గార్‌ఫిష్‌కు అలాంటి చోటు దవడలు కలిసే సందులోనూ, గొంతు మొదట్లోనూ, అరుదుగా కొన దగ్గరి చర్మంలోనూ మాత్రమే దొరుకుతుంది. మిగతా పొడవంతటా కొక్కెం మొన ఎముక మీద జారుతుంది, లేదా పళ్ల మధ్య కాసేపు ఆగి ఊడుతుంది.

చేప తినే తీరు ఈ ఇబ్బందిని మరింత పెంచుతుంది. గార్‌ఫిష్ ఎరను వెనక నుంచి తరిమి, దవడల ముందు భాగంతో అడ్డంగా పట్టుకుంటుంది. తర్వాత దాన్ని తిప్పుకుని, తల ముందుగా లోపలికి జరుపుకుని మింగుతుంది. సన్నని మూతితో ఒక్క గుక్కలో మింగడం సాధ్యం కాదు. దీన్ని బట్టి ఎరను పట్టడం, మింగడం అనే రెండు పనుల మధ్య కొన్ని క్షణాల వ్యవధి ఉంటుంది. గాలం పట్టుకున్న మనిషి వేలికి తెలిసేది మొదటి పని మాత్రమే. వేలి మీద ఆనిన లైన్‌కు ‘టిక్, టిక్’ మంటూ గోరుతో మీటినట్టుగా రెండు మూడు తాకిళ్లు తగులుతాయి, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ క్షణంలో రాడ్‌ను (గాలపు కర్రను) గుంజితే ఫ్లై చేప దవడల్లోంచి సాఫీగా జారి వచ్చేస్తుంది.

మరో కారణం తులాదండానికి సంబంధించినది. కొక్కెం మూతి కొన దగ్గర తగిలిందనుకుంటే, చేప తల విదిలించిన ప్రతిసారీ ఆ కొన పెద్ద చాపంలో కదులుతుంది, లైన్ ఒక్కసారి బిగుసుకుని మరుక్షణం వదులవుతుంది. దవడల సందులో తగిలితే అదే విదిలింపుకు కదలిక చాలా తక్కువ. కాబట్టి కొన దగ్గర తగిలిన చేప నీటి పైకి ఒకసారి ఎగిరేసరికి ఊడిపోవడం, సందులో తగిలినది ఎన్నిసార్లు ఎగిరినా నిలవడం కేవలం అదృష్టం సంగతి కాదు.

ఆవ పూతతో వచ్చే చేప

గార్‌ఫిష్ చలికాలమంతా బ్రిటిష్ దీవులకు పడమరగా అట్లాంటిక్‌లో గడిపి, వసంతంలో ఉత్తర సముద్రం మీదుగా డెన్మార్క్ జలసంధుల్లోకి, అక్కడి నుంచి బాల్టిక్ వైపు వస్తుంది. ఏప్రిల్ చివర్లో తొలి గుంపులు కనిపిస్తాయి, మే నెలలో రద్దీ పెరుగుతుంది. ఉత్తర జర్మనీ తీరంలో ఆవ జాతి పంటైన రేప్ చేలు పసుపు పచ్చగా పూసినప్పుడు ఈ చేప వచ్చిందని లెక్క. పంచాంగం కంటే ఈ గుర్తే నయం, ఎందుకంటే పూతకైనా చేప రాకకైనా ఆ ఏటి వెచ్చదనమే ఆధారం. ఇంగ్లండ్ తీరంలో ఇది మాకరెల్ చేపల కంటే కాస్త ముందు రావడంతో దీనికి ‘మాకరెల్ దారిచూపరి’ అన్న పేరు కూడా ఉంది.

ఒడ్డుకు రావడానికి కారణం గుడ్లు. గార్‌ఫిష్ గుడ్డు చుట్టూ జిగురు దారాలుంటాయి. వాటితో గుడ్లు సముద్రపు గడ్డికి, నాచుకు చుట్టుకుని నిలుస్తాయి. అందుకే మోకాలి లోతు నుంచి నడుము లోతు వరకు ఉండే, గడ్డి పెరిగిన నీళ్లలోకి ఇది గుంపులుగా చేరుతుంది. ఇసుక మచ్చలూ గడ్డి మచ్చలూ కలగలిసి పైనుంచి చిరుతపులి చర్మంలా కనిపించే అడుగును డెన్మార్క్ గాలగాళ్లు ‘చిరుత అడుగు’ అంటారు. వాళ్లకు అది ముందుగా సీ ట్రౌట్ చేప కోసం వెతికే చోటు. మే నెలలో మాత్రం అక్కడ ట్రౌట్ కోసం వేసిన ఫ్లైకి గార్‌ఫిష్ ముక్కు తగలడం మామూలే. కొందరికి అది విసుగు, కొందరికి పండగ.

ఓరెసుండ్ ఇరుకు జలసంధి. హెల్సింగోర్, హెల్సింగ్‌బోర్గ్ పట్టణాల మధ్య దాని వెడల్పు సుమారు 4 కిలోమీటర్లే. ఇక్కడ ఆటుపోట్ల తేడా జానెడుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి నీటి మట్టాన్నీ ప్రవాహాన్నీ నడిపేది ప్రధానంగా గాలి. మెల్లగా ఒడ్డుకు వీచే గాలి వెచ్చని పైనీటిని, దానితో పాటు చిన్న చేపలను లోతు తక్కువ చోటికి నెడుతుంది, వాటి వెనకే గార్‌ఫిష్ వస్తుంది. గాలి బలంగా వీచి నీరు బురదెక్కితే ఈ లాభం పోతుంది, ఎందుకంటే గార్‌ఫిష్ కంటితో వేటాడే చేప. ఇంగ్లిష్ చానల్ తీరంలో లెక్క వేరు. అక్కడ చాలా చోట్ల పోటుకూ ఆటుకూ మధ్య తేడా అనేక మీటర్లు కాబట్టి, ఏ రాతి కొన దగ్గర ఏ గంటకు ప్రవాహం మొదలవుతుందన్నదే ముఖ్యం. ఓరెసుండ్‌లో గాలి దిశ చూసి బయలుదేరాలి, చానల్ ఒడ్డున పోటు పట్టిక చూసుకోవాలి.

ఎండ విషయంలోనూ ఈ చేప దారి వేరు. సీ ట్రౌట్‌కు మబ్బు, మసక వెలుతురు కలిసొస్తాయి. గార్‌ఫిష్‌ను ఎండ కాసే పూట, మధ్యాహ్నం వేళ కూడా పట్టవచ్చు. నీటి పైపొరలోనే తిరుగుతుంది కాబట్టి పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఫ్లై వెంట వచ్చే ఆకుపచ్చ వీపు స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లైని అది ఎక్కడ తాకుతోందో, ఎప్పుడు వదిలేస్తోందో చూసి తెలుసుకునే వీలుండడం ఈ వేటలో ఉన్న పెద్ద సౌకర్యం.

ఫ్లై: ముందు కొక్కెం, తర్వాత రూపం, చివర రంగు

గార్‌ఫిష్ ఆహారంలో చిన్న హెర్రింగ్, స్ప్రాట్, ఇసుక ఈల్, స్టికిల్‌బ్యాక్ లాంటి సన్న చేపలు, చిట్టి రొయ్యలు ఉంటాయి. కాబట్టి 4 నుంచి 6 సెంటీమీటర్ల పొడవున్న సన్నని ఫ్లై ఏదైనా దాని కంటికి తిండిలాగే కనిపిస్తుంది. ఈ పరిధిలో నమూనాను మార్చి మార్చి చూడడం కంటే ఉన్న ఫ్లై కొక్కేన్ని మార్చడం మేలు.

కొక్కెం సన్నని తీగతో, అతి పదునుగా ఉండాలి. ఒకే బలంతో లాగినప్పుడు లావు మొన కంటే సన్న మొన లోతుగా దిగుతుంది. దిగడానికి దొరికేదే రవ్వంత చర్మమైనప్పుడు ఈ తేడా బాగా పనిచేస్తుంది. 6, 8 నంబర్ కొక్కేలు సరిపోతాయి (నంబర్ పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది). సీ ట్రౌట్ కోసం వాడే 2, 4 నంబర్ కొక్కేలు ఈ మూతికి మరీ పెద్దవి. ఉప్పునీటికి తట్టుకునే కొక్కేలు సాధారణంగా మందంగా ఉంటాయి. అంతకంటే సన్నని మామూలు ఉక్కు కొక్కేన్ని వాడి, ఇంటికి రాగానే మంచినీటితో కడిగి ఆరబెట్టుకోవడం, తుప్పు పడితే పారేయడం లాభసాటి.

రెండోది కొక్కెం మొనకూ కాడకూ మధ్య ఉండే ఖాళీ. ఫ్లై మీద వెంట్రుకలు, ఈకలు దట్టంగా ఉంటే ఆ ఖాళీ నిండిపోతుంది. చేప దవడలు బిగించినప్పుడు ఆ దట్టపు మేటే పళ్ల మధ్య ఇరుక్కుంటుంది, మొన బయటికి తిరగదు. లాగగానే ఫ్లై మొత్తంగా జారుతుంది. పలుచగా కట్టిన ఫ్లైలో దవడలు నేరుగా కొక్కెం మీద మూసుకుంటాయి, లాగినప్పుడు మొన పక్కకు తిరిగి దొరికిన చోట పట్టుకుంటుంది. అంగడిలో నిండుగా, అందంగా కనిపించే ఫ్లై కంటే పది చేపలు నమిలాక సగం వెంట్రుకలు రాలిన ఫ్లై మెరుగ్గా పట్టుకుంటుందని అనుభవజ్ఞులు చెప్పడంలో వింతేమీ లేదు.

మూడోది తోక. చేప వెనక నుంచి కరుస్తుంది. కొక్కెం ముందు భాగంలో ఉండి, ఈకల తోక దాని వెనక 4 సెంటీమీటర్లు వేలాడితే, చేప నోట్లోకి వెళ్లేది తోకే. డిసీవర్ లాంటి పొడవాటి ఫ్లైలు పెద్ద నోటి చేపలకు గొప్పగా పనిచేసి ఇక్కడ విఫలమయ్యేది ఇందుకే. పెద్ద నోటి చేప నీటితో సహా ఫ్లైని పీల్చుకుంటుంది, కాబట్టి కొక్కెం ఎక్కడున్నా లోపలికే చేరుతుంది. గార్‌ఫిష్‌కు అలా పీల్చుకునే వీలు లేదు, చిమటాతో పట్టినట్టు పట్టుకోవడమే. అందుకని తోక కొక్కెం వంపును ఒక సెంటీమీటరుకు మించి దాటకూడదు. పొడవాటి కాడ ఉన్న కొక్కెం మీద ఒళ్లంతా కట్టి తోకను దాదాపు తీసేస్తే ఇంకా మంచిది.

కట్టే సామగ్రి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జింక తోక వెంట్రుకలు, మెత్తటి ఈకలు ఈ పళ్లకు త్వరగా తెగుతాయి, సింథటిక్ పీచు ఎక్కువ కాలం వస్తుంది. తలనూ ఒంటినీ ఎపాక్సీతోనో యూవీ రెసిన్‌తోనో పూత పెడితే ఫ్లై మన్నిక పెరుగుతుంది. అయితే పూత నున్నగా ఉన్నకొద్దీ ఫ్లై పళ్ల మధ్య నుంచి జారడమూ పెరుగుతుంది. అందువల్ల పూతను తలకు పరిమితం చేయడం ఒక మధ్యే మార్గం. సీసపు కళ్లున్న క్లౌజర్ మిన్నో లాంటి బరువు ఫ్లైలు లోతు నీటిలో పనికొస్తాయి. కానీ గార్‌ఫిష్ తిరిగేది పైపొరలో, అదీ మోకాలి లోతు గడ్డి మీద. అక్కడ బరువు ఫ్లై చేప కిందికి దిగిపోయి నాచుకు తగులుకుంటుంది. బరువు లేనిదో, పూసల కళ్లతో కాస్త బరువున్నదో చాలు.

ఇక రంగు. తెలుపు, వెండి, లేత ఆకుపచ్చ రంగులు చిన్న చేపను తలపిస్తాయి. గులాబీ, నారింజ రంగులు రొయ్యను తలపిస్తాయి. డెన్మార్క్‌లో పేరొందిన ‘పాటెగ్రిసెన్’ అనే గులాబీ రొయ్య ఫ్లై సీ ట్రౌట్ కోసం పుట్టింది, ఆ మాటకు పాలు తాగే పందిపిల్ల అని అర్థం. దాన్ని 8 నంబర్ కొక్కెం మీద చిన్నగా, పలుచగా కడితే గార్‌ఫిష్ కూడా వెంటపడుతుంది. గులాబీకి ఇంకో ఉపయోగం ఉంది. 15 మీటర్ల దూరంలో కూడా ఫ్లై ఎక్కడుందో మనిషి కంటికి కనిపిస్తుంది. దాని వెనక చేప ఏం చేస్తోందో చూసి లాగే వేగం మార్చుకోవచ్చు. రంగు వల్ల ఫలితం మారిందని చెప్పే సందర్భాల్లో కొంత భాగం ఈ చూపు వల్ల వచ్చినదే అనుకోవడానికి ఆస్కారం ఉంది.

వెనక కొక్కెం, పట్టు దారం, నైలాన్ తాడు

పై మార్పులతోనూ చాలా చేపలు ఊడిపోతాయి. అందుకని రెండు అదనపు ఉపాయాలు వాడుకలోకి వచ్చాయి.

మొదటిది వెనక కొక్కెం. ఫ్లైని కొక్కెం లేని కాడ మీదో, సన్నని ప్లాస్టిక్ గొట్టం మీదో కట్టి, దాని వెనక 2 నుంచి 4 సెంటీమీటర్ల దారంతో 8 లేదా 10 నంబర్ చిన్న కొక్కేన్ని వదులుగా వేలాడదీస్తారు. ఇందులో రెండు లాభాలున్నాయి. చేప కరిచే చోటే కొక్కెం ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, అది ఫ్లైకి బిగుసుకుని ఉండదు కాబట్టి దవడలు ఫ్లైని బిగించినా కొక్కెం తన దారిన తాను తిరిగి మెత్తని చోటు వెతుక్కుంటుంది. స్పిన్నింగ్ రాడ్‌తో చెంచా లాంటి లోహపు ఎరలు విసిరేవారు కూడా ఇదే సూత్రంతో ఎరకూ కొక్కేనికీ మధ్య జానెడు దారం పెడతారు. దారం మరీ మెత్తగా ఉంటే విసిరేటప్పుడు కొక్కెం ఫ్లై చుట్టూ మెలిపడుతుంది, కాస్త గట్టి నైలాన్ అయితే ఆ బాధ తగ్గుతుంది.

రెండోది పట్టు దారం. డెన్మార్క్ తీరంలో బాగా ప్రచారం పొందిన ఈ పద్ధతిలో కొక్కేనికి బదులు, లేదా కొక్కెంతో పాటు, సన్నని పట్టు దారాల వదులు కుచ్చును ఎరకు తగిలిస్తారు. చేప కరవగానే ఆ దారాలు వందలాది చిన్న పళ్ల మధ్య చిక్కుకుంటాయి. ఇక్కడ చేప చిక్కడం మెత్తని కణజాలం మీద ఆధారపడదు, చేపకు రక్షణగా ఉన్న పళ్లే దాన్ని పట్టిస్తాయి. ఇదే ఊహ అట్లాంటిక్ అవతల అమెరికా గార్ విషయంలోనూ పుట్టింది. అక్కడ నైలాన్ తాడును పీచులుగా దువ్వి, కొక్కెం లేకుండానే విసురుతారు. సంబంధం లేని రెండు చేపలకు ఒకే రకం మూతి ఉండడం వల్ల రెండు చోట్లా ఒకే పరిష్కారం కుదిరింది. యూరప్ చేప పళ్లు మరింత చిన్నవి, సన్నవి కాబట్టి తాడు పీచు స్థానంలో పట్టు వచ్చింది.

పట్టు దారంతో నష్టమూ ఉంది, దాన్ని ప్రచారంలో తక్కువగా చెబుతారు. చిక్కుకున్న దారాన్ని పళ్ల మధ్య నుంచి విడదీయడానికి కొక్కెం తీయడం కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఆ సేపంతా చేప నీటి బయట గిలగిల కొట్టుకుంటుంది. సగం తెగిన దారం మూతికి చుట్టుకుని ఉండగా వదిలేస్తే చేప నోరు తెరవలేక ఆకలితో చచ్చే ప్రమాదం ఉంటుంది. వండుకోవడానికి పట్టేవారికి ఇది మంచి పద్ధతి. పట్టి వదిలేయాలనుకునేవారు చిన్న వెనక కొక్కేన్ని, అదీ ఎదురు ముల్లును నొక్కేసి వాడడమే సరైనది.

రాడ్, లైన్, లీడర్

తొమ్మిది అడుగుల 6 లేదా 7 నంబర్ రాడ్ ఈ పనికి సరిపోతుంది. ఈ నంబర్లు లైన్ మొదటి 30 అడుగుల బరువును సూచిస్తాయి, 6 నంబర్‌కు ప్రమాణం 160 గ్రెయిన్లు, అంటే 10 గ్రాములకు కాస్త పైన. చేప బరువును చూస్తే 5 నంబర్ కూడా చాలు, కానీ ఒడ్డున వీచే ఎదురుగాలికి 7 నంబర్ నయం. తేలే లైన్ గానీ, నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైన్ గానీ వాడవచ్చు. గడ్డి మీద తేలేది మేలు. అలల ఒడ్డున ఇంటర్మీడియట్ మేలు, ఎందుకంటే తేలే లైన్‌ను అలలు ఎత్తి దించుతూ వదులు చేస్తాయి.

లైన్ చివర ఫ్లైకి ముందు కట్టే సన్నని దారాన్ని లీడర్ అంటారు. దాని కొనకు 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ సరిపోతుంది. ఈ పళ్లు గీరుతాయే తప్ప ఒక్క కొరుకుతో తెంచేయలేవు, కాబట్టి ఉక్కు తీగ అక్కర్లేదు. అయితే ప్రతి చేప తర్వాతా ఫ్లై పైన ఉన్న జానెడు దారాన్ని వేళ్ల మధ్య జరిపి చూసుకోవాలి. గరుకు తగిలితే కత్తిరించి మళ్లీ ముడి వేసుకోవాలి.

లాగడం, ఆగడం, గుంజకపోవడం

గార్‌ఫిష్‌కు ఫ్లైని ఎంత వేగంగా లాగాలన్న చర్చలో వేగానికే ఎక్కువ ఓట్లు పడతాయి. ఇది వేగంగా ఈదే చేప. పారిపోయే ఎరను చూస్తే అనుమానించే వ్యవధి లేకుండా తరుముతుంది. రాడ్‌ను చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో బావి తాడు చేదినట్టు లైన్‌ను ఆపకుండా లాగే పద్ధతి ఇందుకు అనువైనది. దీనికి మరో లాభముంది. రెండు చేతులూ లైన్ మీదే ఉండడం వల్ల, చేప తాకగానే రాడ్‌ను పైకి గుంజే అలవాటుకు అవకాశమే ఉండదు.

ఆ అలవాటే ఇక్కడ అసలు శత్రువు. మంచినీటి ట్రౌట్ చేపకు ఫ్లై వేసి నేర్చుకున్నవారి చెయ్యి, తాకిడి తెలియగానే తనంత తాను పైకి లేస్తుంది. బెండు మునిగితే గుంజడం నేర్చుకున్న చెయ్యి కూడా అంతే. గార్‌ఫిష్ తాకినప్పుడు చేయవలసిన పనులు రెండే. ఒకటి, ఏమీ జరగనట్టు అదే వేగంతో లాగుతూ పోవడం. అప్పుడు చేప మళ్లీ మళ్లీ పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది, ఏదో ఒక పట్టులో కొక్కెం సందుకు చేరుతుంది, లైన్ బరువెక్కుతుంది. రెండు, రెండు మూడు తాకిళ్ల తర్వాత లాగడం పూర్తిగా ఆపి, ఒకటి రెండు సెకన్లు లైన్‌ను వదులుగా ఉంచడం. ఎర దెబ్బతిని ఆగిపోయిందనుకుని చేప దాన్ని తిప్పుకుని లోపలికి జరుపుకుంటుంది, ఆ తర్వాత మళ్లీ లాగితే బరువు తగులుతుంది.

ఈ రెండింటిలో ఏది మేలన్నది ఫ్లై మీద ఆధారపడుతుంది. కొక్కెం ఒంటి మీదే ఉన్న సన్నని ఫ్లైకి ఆగడం కలిసివస్తుంది, ఎందుకంటే అది నోటి లోపలికి చేరితేనే లాభం. వెనక కొక్కెం ఉన్న ఫ్లైకి లాగుతూ పోవడం కలిసివస్తుంది, ఎందుకంటే కొక్కెం ముందే పళ్ల దగ్గర ఉంది, దానికి కావలసింది స్థిరమైన లాగుడు. పట్టు దారానికి ఆగడం అసలు పనికిరాదు. లైన్ వదులైతే చిక్కు వదులవుతుంది. ఈ తేడా తెలియక ఒకరి సలహాను మరొకరి ఫ్లైతో ప్రయత్నించినప్పుడే పద్ధతి తప్పన్న అభిప్రాయం కలుగుతుంది.

రాడ్ కొన ఎత్తు చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కాదు. కొనను నీటికి రెండు అడుగుల పైన పట్టుకుంటే లైన్ అక్కడి నుంచి ఉయ్యాలలా వంగి నీటికి చేరుతుంది. చేప తాకినప్పుడు ముందు ఆ వంపు నిటారవుతుంది, ఆ తర్వాతే బరువు కొక్కేనికి చేరుతుంది. కొనను నీటిలో ఒక అంగుళం ముంచి ఉంచితే ఆ వంపు ఉండదు. బరువు తెలిసిన తర్వాత కూడా రాడ్‌ను ఎత్తకుండా, చేత్తో లైన్‌ను ఒక మూర పొడవున గట్టిగా, నిదానంగా లాగితే కొక్కెం మరింత దిగుతుంది. ఆపైన మాత్రమే రాడ్ ఎత్తాలి. చేప గాల్లోకి లేచి మెలికలు తిరిగేటప్పుడు లైన్ బిగువుగా ఉంచి, రాడ్‌ను పక్కకు వాల్చి దాన్ని నీటి మీద అణచడం ఊడిపోయే చేపల సంఖ్యను తగ్గిస్తుంది.

చేతికి వచ్చాక

గార్‌ఫిష్ పొలుసులు తాకితే రాలిపోతాయి, చొక్కా మీద ఎండితే వెండి చుక్కల్లా అతుక్కుంటాయి. వాసన కూడా తేలిగ్గా వదలదు. తడి గుడ్డతో మెడ వెనక పట్టుకుని, సన్నని పటకారుతో కొక్కేన్ని తీయాలి. మూతిని పట్టుకుని ఎత్తకూడదు, అది విరిగే అవకాశం ఉంది.

వండేవారు మొదటిసారి చూసి బెదిరేది ఎముకలను చూసి. అవి ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ విరిగినప్పుడు ఏర్పడే బిలివెర్డిన్ అనే రంగు పదార్థమే దీనికి కారణం. దానివల్ల తినేవారికి హాని లేదు. వేయించినా ఉడికించినా ఆ రంగు పోదు, దానివల్ల పళ్లెంలో ముళ్లు ఏరుకోవడం మాత్రం సులువవుతుంది.

జలసంధికి రెండు వైపులా చేప ఒకటే అయినా నియమాలు వేరు. డెన్మార్క్ ఒడ్డున గాలం వేయాలంటే 18 ఏళ్లు నిండిన పెద్దలు ప్రభుత్వ చేపల లైసెన్సు తీసుకోవాలి. పింఛను వయసు వారికి మినహాయింపు ఉంది, రోజుకు, వారానికి, ఏడాదికి విడివిడిగా లైసెన్సులు దొరుకుతాయి. స్వీడన్ తీరంలో చేతి గాలంతో సముద్రంలో చేపలు పట్టడానికి లైసెన్సు అవసరం లేదు. ఇంగ్లండ్‌లో కూడా మంచినీటి చేపలకు ఉండే రాడ్ లైసెన్సు సముద్రంలో గార్‌ఫిష్‌కు వర్తించదు.

తిరుగు ప్రయాణంలో

గుడ్లు పెట్టడం జూన్‌తో చాలావరకు ముగుస్తుంది. ఆపైన చేప ఒడ్డు వదిలి లోతుకు చెదురుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చల్లబడే నీటితో పాటు మళ్లీ జలసంధుల గుండా పడమరకు సాగుతుంది. వసంతంలో వచ్చినప్పుడు బక్కగా, గుడ్ల బరువుతో ఉన్న చేప ఇప్పుడు వేసవి తిండితో కండ పట్టి ఉంటుంది, తినడానికి కూడా అప్పటిదే రుచి.

ఈ దశలో ఫ్లై లెక్క కొంత మారుతుంది. గార్‌ఫిష్ ఇప్పుడు గడ్డి మచ్చల మీద ఉండదు. రాతి కొనల దగ్గర, రేవు గోడల పక్కన, ప్రవాహం చీలే చోట్ల మాకరెల్ గుంపులతో కలిసి చిన్న హెర్రింగ్‌ను తరుముతుంది. రొయ్య ఫ్లైల అవసరం తగ్గి, వెండి మెరుపున్న 6 సెంటీమీటర్ల సన్న చేప ఫ్లైలకు పని పెరుగుతుంది. లోతు ఉంటుంది కాబట్టి కాస్త బరువు పూసలు, ఇంటర్మీడియట్ లైన్ వాడుకోవచ్చు. అదే ఫ్లైకి మాకరెల్ తగిలితే ఒక్క గుంజుతో చేప బరువు చేతికి తెలుస్తుంది, మెత్తని నోరు కాబట్టి కొక్కెం సాఫీగా దిగుతుంది. ఆ వెంటనే మళ్లీ విసిరినప్పుడు వేలి మీద ఆ పాత ‘టిక్, టిక్’ వినిపిస్తే, కింద ఉన్న చేప మారిందని, చెయ్యి పైకి లేవకూడదని అర్థం.